వెబ్ పుటల కూర్పు: చేతితో వ్రాయుటయా, తెరమీద అమర్చుటయా?

గ్రామమునందు జరుగు పనులను గ్రామస్థులకు ఎప్పటికప్పుడు తెలియజేయుట పంచాయతీ సభ్యుల ముఖ్య కర్తవ్యములలో నొకటి. పూర్వము ఈ పని దండోరాతో జరిగెడిది. తరువాత చావడి గోడమీద అంటించిన కాగితము, పంచాయతీ కార్యాలయమునందలి నోటీసు బోర్డు దానికి తోడైనవి. ఇప్పుడు సెల్‌ఫోనులో చూడదగిన వెబ్ పుట కూడ వీనితో చేరినది. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను, ప్రభుత్వ సంస్థలు ప్రజలకు సమాచారమునందించు మార్గములను చెప్పుచు నోటీసు బోర్డును, అంతర్జాలమును ఒకే వరుసలో పేర్కొన్నది. ఖర్చును, స్థానిక భాషను, ఆ ప్రాంతమునకు తగిన మార్గమును గమనింపవలెనని కూడ అదే సెక్షను చెప్పుచున్నది.

పంచాయతీల ప్రణాళికలకు, జమాఖర్చులకు 2020 ఏప్రిల్ 24న ప్రారంభింపబడిన ఈ-గ్రామ్ స్వరాజ్ వంటి ప్రభుత్వ వేదికలు కలవు. వానిని కూర్చువారు వేరు. మేమిచ్చట చెప్పబోవునది పంచాయతీ తనకై తాను పెట్టుకొను పుటను గూర్చి. గ్రామసభ తేదీ, ఇంటిపన్ను గడువు, మంచినీటి సరఫరా వేళలు, టెండరు ప్రకటన మొదలగునవి అందుండును. ఇట్టి పుటను చేయించుటకు పూనుకొనగానే ఇద్దరు వత్తురు. ఒకరు, "మేము కోడును చేతితో వ్రాసి ఇచ్చెదము, అదియే శ్రేష్ఠము" అందురు. మరియొకరు, "కోడుతో పనిలేదు, తెరమీద చూచుచు అమర్చు ఎడిటరు కలదు, ఒక్కపూటలో ముగించెదము" అందురు. తీర్మానమునకు చేయెత్తవలసిన సభ్యునకు ఈ రెంటి భేదము తెలిసియుండవలెను. ఆ భేదమును వివరించుటకే ఈ పాఠము.

వెబ్ పుట యనగా నేమి?

రంగులతో, బొమ్మలతో తెరమీద కనబడు వెబ్ పుట నిజమునకు అక్షరములతో వ్రాసిన ఒక పత్రము. మనము చదువు మాటలతోపాటు, ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అని తెలుపు గుర్తులు ఆ పత్రముననుండును. వీనిని ట్యాగులందురు. ఈ గుర్తుల పద్ధతికి హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. సెల్‌ఫోనులోని బ్రౌజరు ఆ గుర్తులను చదివి, తదనుగుణముగా పుటను అమర్చి చూపును. అచ్చుకూటమునకు పంపు వ్రాతప్రతి అంచున "ఇది పెద్ద అక్షరములలో", "ఇది నడుమ" అని గుర్తులు వేయుట సభ్యులలో పెద్దలకు తెలిసినదే. ట్యాగు అట్టి గుర్తు.

ఒక ఉదాహరణమును చూతము. "గ్రామసభ ప్రకటన" అను మాటలకు ముందు, కోణపు గుర్తుల నడుమ "హెచ్ 1" అని వ్రాసినచో అచ్చటినుండి ప్రధాన శీర్షిక ఆరంభమగును. ఆ మాటల చివర అదే గుర్తును ఒక ఏటవాలు గీత చేర్చి వ్రాసినచో శీర్షిక ముగియును. పేరాకు "పి" అను గుర్తు, పట్టికకు "టేబుల్" అను గుర్తు, వేరొక పుటకు దారి చూపుటకు "ఎ" అను గుర్తు కలవు. రంగులు, అక్షరముల పరిమాణము, అంచుల వెడల్పు మొదలగు అలంకారములకు సి.ఎస్.ఎస్. అను మరియొక పద్ధతి 1996లో ప్రామాణికముగా వెలువడినది. హెచ్.టి.ఎం.ఎల్. ఇంటి గోడలవంటిది, సి.ఎస్.ఎస్. వానికి వేయు సున్నమువంటిది.

ఈ పద్ధతిని కనిపెట్టినవారు టిమ్ బెర్నర్స్-లీ. స్విట్జర్లాండులోని జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున పనిచేయుచు, 1989లో వారు ఈ ఆలోచనను పై అధికారులకు నివేదించిరి. 1991లో వారు ప్రకటించిన తొలి పట్టికలో ట్యాగులు 18 మాత్రమే. నేడు వాని సంఖ్య నూటిని మించినది. కాని పంచాయతీ ప్రకటనకు పది ట్యాగులు చాలును. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఈ వెబ్ పద్ధతిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించెను. పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చిన 73వ సవరణ అమలులోనికి వచ్చినది 1993 ఏప్రిల్ 24న. ఈ రెండును ఆరు దినముల ఎడములో జరుగుట కాకతాళీయమే, ఐనను గుర్తుంచుకొనదగినది.

రెండు పద్ధతులు ఎట్లు ఏర్పడినవి?

1990లో బెర్నర్స్-లీ తయారుచేసిన మొదటి బ్రౌజరు చదువుటకే గాక, తెరమీదనే పుటను దిద్దుటకును పనికివచ్చెడిది. అనగా చదువరియే వ్రాతకాడును కావలెనని వారి తలంపు. కాని అది నెక్స్ట్ అను ఒక జాతి కంప్యూటరుమీద మాత్రమే పనిచేసెడిది. అట్టి కంప్యూటర్లు కొందరియొద్దనే ఉండెను. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునుండి వెలువడి బహుళ ప్రచారము పొందిన మొజాయిక్ బ్రౌజరు పుటలను చూపునదే గాని, వానిని వ్రాయు సాధనము కాదు. కనుక పుట పెట్టదలచినవారు సాధారణమైన అక్షర పత్రమును తెరచి, ట్యాగులను తామే వ్రాయవలసివచ్చెను. ఇతరుల పుటల మూలమును బ్రౌజరులోనే చూచు సౌకర్యముండెను గాన, బడికి పోకయే అనేకులు ఈ విద్యను నేర్చిరి. ఇదియే చేతితో వ్రాయు పద్ధతి.

ట్యాగులు నేర్వనివారికి పని సులభము చేయుటకు దృశ్య ఎడిటర్లు వచ్చినవి. వెర్మీర్ అను సంస్థ 1995లో ఫ్రంట్‌పేజ్‌ను తెచ్చెను. 1996 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనెను. 1997 డిసెంబరులో మాక్రోమీడియా సంస్థ డ్రీమ్‌వీవర్‌ను వెలువరించెను. 2005లో ఆ సంస్థ అడోబ్ చేతికి వచ్చెను. 2003 మే 27న వెలువడిన వర్డ్‌ప్రెస్, 2018 డిసెంబరునుండి పుటను ముక్కలు ముక్కలుగా తెరమీద పేర్చుకొను ఎడిటరును చేర్చుకొన్నది. వీనిలో పనిచేయువాడు ట్యాగులను చూడడు. శీర్షికను తెరమీదనే వ్రాయును. బొమ్మను లాగి కావలసినచోట పెట్టును. వెనుక ట్యాగులను ఎడిటరే వ్రాసికొనును.

సభ్యులు గమనింపవలసిన మొదటి విషయమిది. రెండు పద్ధతులలోను చివరకు తయారగునది ట్యాగుల పత్రమే. ఒకదానిలో దానిని మనిషి వ్రాయును. రెండవదానిలో యంత్రము వ్రాయును. కోడు లేని వెబ్ పుట లేదు. కోడు మనకు కనబడుచున్నదా, లేదా అనునదే భేదము.

గుణదోషములు

ఒక పంచాయతీ చేతితో వ్రాసిన పుటను పెట్టుకొన్నదనుకొందము. వ్రాసిన యువకుడు చక్కగా వ్రాసెను. పుట తేలికగానున్నది, పాత ఫోనులోను వెంటనే తెరచుకొనుచున్నది. ఆరు నెలలకు అతడు ఉద్యోగమునకై పట్టణమునకు పోయెను. గ్రామసభ తేదీ మారినది. పంచాయతీ కార్యదర్శికి పుటను దిద్దుట తెలియదు. పాత తేదీ పుటలో అట్లే నిలిచిపోయినది. ఆ తేదీని నమ్మి కూలిపని మానుకొని వచ్చినవారు ఖాళీ చావడిని చూచి మరలిపోయిరి. పుట ఎంత శుభ్రముగా వ్రాసినదైనను, దిద్దువారు లేనిచో అది ప్రజలను తప్పుదారి పట్టించును. చేతివ్రాతయందు మరియొక చిక్కు కలదు. ఒక్క కొటేషను గుర్తును మూయుట మరచినను, పుటలో కొంతభాగము మాయము కావచ్చును. కార్యదర్శి ఫోను నెంబరు ముప్పది పుటలలో ఉన్నచో ముప్పది చోట్లను దిద్దవలసివచ్చును.

మరియొక పంచాయతీ దృశ్య ఎడిటరుతో పుటను చేయించుకొన్నదనుకొందము. కార్యదర్శి తానే పది నిమిషములలో తేదీని మార్చగలుగుచున్నాడు. ఇది గొప్ప లాభము. దీనిని తక్కువగా ఎంచరాదు. కాని ఎడిటరు తెరమీది రూపమును చూచునే గాని, మాటల అర్థమును ఎరుగదు. కార్యదర్శి పెద్ద అక్షరములను ఎన్నుకొని "ఇంటిపన్ను గడువు" అని వ్రాసినచో, కన్నులకు అది శీర్షికవలెనే కనబడును. మూలమున మాత్రము అది లావుపాటి పేరాయే. చూపులేనివారికి పుటను చదివి వినిపించు పరికరము శీర్షికనుండి శీర్షికకు దాటుచు పోవును. శీర్షిక గుర్తు లేనిచో ఆ భాగమునకు వెంటనే చేరుటకు వారికి దారి దొరకదు. ఎడిటరులో "శీర్షిక" అను ఎంపిక వేరుగా కలదని తెలిసినవారికి ఈ దోషము రాదు. అది తెలియుటకు ట్యాగులను గూర్చి కొంత పరిజ్ఞానము కావలెను.

ఎడిటర్లు వ్రాయు కోడు అనవసరముగా పెరుగుట కూడ కలదు. వర్డ్‌లో తయారుచేసిన పత్రమును వెబ్ పుటగా మార్చినపుడు లోపల చేరు అదనపు గుర్తులు ఎంత మెండుగా నుండెడివనగా, వానిని తుడిచివేయుటకే డ్రీమ్‌వీవర్‌లో ప్రత్యేకముగా ఒక ఆజ్ఞను చేర్చిరి. ఐతే నేటి మంచి ఎడిటర్లు ఈ విషయమున చాల మెరుగుపడినవని కూడ చెప్పవలెను. చేతివ్రాతయంతయు శుభ్రమనియు, ఎడిటరు కోడంతయు చెత్త యనియు అనుట న్యాయము కాదు.

తెలుగు లిపి విషయము

తెలుగు పుటలకు మరియొక చిక్కు కలదు. పూర్వము తెలుగు ఫాంట్లు చేయువారు, ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలో తెలుగు అక్షరముల రూపములను పెట్టెడివారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగుగా కనబడినది, లేనిచోట అర్థములేని రోమను అక్షరముల గుంపుగా కనబడెడిది. ఈ కష్టమును తొలగించినది యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. 3072 నుండి 3199 వరకు 128 స్థానములు తెలుగునకు ప్రత్యేకింపబడినవి. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగును నేటి ఏ ఫోనైనను చూపగలదు, వెదకినవారికి అందింపగలదు, చదివి వినిపింపగలదు.

అచ్చుపని దుకాణములలో పాత పద్ధతి ఫాంట్లు నేటికిని వాడుకలోనున్నవి. కరపత్రమునకై అచ్చట కూర్చిన మాటలను ఎడిటరులో అతికించినచో అక్షరములు చెడిపోవును. అపుడు చేయుచున్న పని యేమి? ఆ కాగితమును ఫోటో తీసి, బొమ్మగా పుటలో పెట్టుచున్నారు. దృశ్య ఎడిటరులో బొమ్మ పెట్టుట మిక్కిలి సులభము గాన ఈ అలవాటు ప్రబలినది.

దీని ఫలితమును లెక్కవేసి చూతము. యూనికోడ్ తెలుగులో అక్షరమునకు గాని, గుణింతపు గుర్తునకు గాని, సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో మూడు బైట్లు పట్టును. 1,500 గుర్తులు గల ప్రకటనకు 4,500 బైట్లు. ట్యాగులకు మరియొక వేయి అనుకొన్నను మొత్తము 5,500 బైట్లు. అదే ప్రకటనను ఫోనుతో తీసిన ఫోటో 20 లక్షల బైట్లు ఉన్నచో, అది అక్షరముల ప్రకటనకు 360 రెట్లు మించిన బరువు. సిగ్నలు మందముగా నున్న తండాలో, కొండ గ్రామములో ఆ బొమ్మ తెరచుకొనువరకు కాచుకొనవలసినది బీదవాడే. బొమ్మలోని తేదీ వెదకులాటకు దొరకుట కష్టము. బొమ్మలోని ఫోను నెంబరును తాకినంతనే పిలుపు పోదు. చిన్న అక్షరములను పెద్దవి చేసినచో వరుసలు తెర దాటిపోవును. చూపులేనివారి పరికరము అట్టి బొమ్మయొద్ద మూగవోవును. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము సమాచారము వారికిని అందుబాటులో నుండవలెనని విధించుచున్నదని సభ్యులు మరువరాదు.

పుట ఎవరి చేతిలో నుండవలెను?

పూర్వము గ్రామ కరణములు లెక్కలను గొలుసుకట్టు వ్రాతలో వ్రాసెడివారు. కలమెత్తక అక్షరమునకు అక్షరమును తగిలించి వ్రాయు ఆ వ్రాత అలవాటు లేనివారికి బోధపడెడిది కాదు. అందులో చాల నేర్పుండెను. పని వేగముగా సాగెడిది. కాని తన భూమి లెక్క ఏమని వ్రాయబడినదో తెలియగోరు రైతు ఆ వ్రాత వచ్చినవాని దయమీద ఆధారపడవలసివచ్చెడిది. ఆంధ్రప్రదేశ్‌లో కరణముల ఉద్యోగములు 1984లో రద్దయినవి. పుటకు సంబంధించినంతవరకు అదే ఆధారపాటు వేరొక వేషమున మరల రాకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

చేతితో వ్రాసిన కోడు ఒక్కనికే అర్థమగుచున్నచో, అది క్రొత్త గొలుసుకట్టు. ఎడిటరు వ్రాసిన కోడును బయటికి తీయుటకు వీలులేనిచో, అదియు గొలుసుకట్టే. రెండవ దానికి ఉదాహరణలు కలవు. ఫ్రంట్‌పేజ్‌లో కూర్చిన కొన్ని సౌకర్యములు, ఫ్రంట్‌పేజ్‌కు చెందిన ప్రత్యేక సాధనములున్న సర్వరులలో మాత్రమే పనిచేసెడివి. 2003 కూర్పే దానికి చివరిదయ్యెను. అటుపై ఆ సౌకర్యములమీద ఆధారపడిన పుటలవారు వేరుదారి చూచుకొనవలసివచ్చెను. జియోసిటీస్ అను వేదిక సామాన్యులకు ఉచితముగా స్థలమిచ్చి, పుటలను తెరమీద కట్టుకొను సాధనమును కూడ సమకూర్చెను. 1999లో దానిని యాహూ కొనెను. 2009 అక్టోబరులో మూసివేసెను. కొన్ని పుటలను ఔత్సాహికులు దాచిరి. తమ ప్రతిని తాము దాచుకొననివారికి అదృష్టమే దిక్కయినది.

గ్రామమునకు చెందిన పత్రములకు అట్టి స్థితి రాగూడదు. తీర్మానముల పుస్తకము పంచాయతీ బీరువాలో నుండవలెను గాని, దానిని కుట్టినవాని యింట నుండరాదు గదా! వెబ్ పుట విషయమును అంతియే.

పంచాయతీ చేయదగినది

కార్యదర్శియో, గుమాస్తాయో దినదినము దిద్దవలసిన పుటకు దృశ్య ఎడిటరే అనుకూలమని మా అభిప్రాయము. కాని అది వ్రాయు కోడును చదువగలవారు గ్రామమున ఒకరైనను ఉండవలెను. పరికరము పని చేయవచ్చును. తెలివిడి మాత్రము మన యొద్ద నుండవలెను. పని ఒప్పగించుటకు ముందు ఈ క్రింది షరతులను ఒప్పందములో వ్రాయించుకొనుట మంచిది.

1. వెబ్‌సైటు పేరు పంచాయతీ పేరనే నమోదు కావలెను. పాస్‌వర్డులు కార్యాలయమున భద్రముగా నుండవలెను. మనుష్యులు మారినపుడు వానిని మార్చవలెను.

2. ఎడిటరు ఏదైనను, పుటల మూలమును, బొమ్మలను, పత్రములను పూర్తిగా బయటికి తీసికొను వీలుండవలెను. మూడు నెలలకొకసారి ఒక ప్రతిని తీసి కార్యాలయమున దాచవలెను.

3. ప్రతి ప్రకటనయు యూనికోడ్ తెలుగు అక్షరములలో నుండవలెను. సంతకము, ముద్ర గల కాగితపు ఫోటోను పెట్టదలచినచో దాని క్రింద విషయమును అక్షరములలో మరల వ్రాయవలెను.

4. పుట మూలమున భాష తెలుగని తెలుపు "టి, ఇ" అను గుర్తు ఉండవలెను. చదివి వినిపించు పరికరము తెలుగు గొంతును ఎన్నుకొనుటకు అది తోడ్పడును. శీర్షికలకు శీర్షిక గుర్తులు, పట్టికల తలవరుసలకు వాని గుర్తులు ఉండవలెను.

5. చివరి వాయిదా సొమ్ము చెల్లించుటకు ముందు, గ్రామమునందలి చవుక ఫోనులో, సిగ్నలు తక్కువగా నున్న వీధిలో పుటను తెరచి చూడవలెను. కార్యదర్శి చేత ఒక తేదీని మార్పించి చూడవలెను. చదివి వినిపించు పరికరముతో కన్నులు మూసికొని విని చూడవలెను.

6. ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలలో ఆసక్తి గల ఇద్దరు ముగ్గురికి పది ట్యాగులు నేర్పించవలెను. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరును కొననక్కరలేదు. ఏ కంప్యూటరులోనైనను ఉండు సాధారణ అక్షర పత్రము, ఒక బ్రౌజరు చాలును. వారు గ్రామసభ ప్రకటనను ఒకసారి చేతితో వ్రాసినచో, అటుపై ఎడిటరు చేయు తప్పును వారే పట్టగలరు.

పుట అందముగా నుండుట మంచిదే. కాని చావడివద్ద కూర్చున్న ముసలివానికి, తండాలోని కూలిస్త్రీకి, చూపులేని యువకునకు గ్రామసభ ఏ దినమున జరుగునో సరిగా తెలిసినదా అనునదే దానికి అసలు పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన పుట చేతితో వ్రాసినదైనను, తెరమీద అమర్చినదైనను మంచి పుటయే.

చర్చకు ప్రశ్నలు

1. మన పంచాయతీ ప్రకటనలలో అక్షరములుగా నున్నవి ఎన్ని? ఫోటోలుగా నున్నవి ఎన్ని?

2. పుటను దిద్దువారు రేపు ఊరు విడిచినచో, దానిని దిద్దగల రెండవ వ్యక్తి ఎవరు?

3. పుటల ప్రతి మన కార్యాలయమున ఉన్నదా? చివరిసారి ఎప్పుడు తీసితిమి?

4. పుట రానివారికి, ఫోను లేనివారికి అదే సమాచారము నోటీసు బోర్డుమీదను, దండోరా ద్వారాను అందుచున్నదా?